పర్వత దృశ్యాల ఫోటోగ్రఫీ: కూర్పు, వెలుగు, ఎడిటింగ్

కొండలు, మంచు శిఖరాలు, హిమానీనదాలు, వాటి నడుమ లోయలు ప్రధాన విషయంగా ఉండే ఫోటోగ్రఫీని పర్వత దృశ్యాల ఫోటోగ్రఫీ అంటారు. ప్రకృతి ఫోటోగ్రఫీలో ఇది చాలా పాత శాఖ. పైకి సులువుగా కనిపించే శాఖ కూడా. కొండ కదలదు, పక్షిలా ఎగిరిపోదు, మనిషిలా మొహం తిప్పుకోదు. అయినా డార్జిలింగ్ నుంచో మనాలీ నుంచో తిరిగొచ్చినవాళ్లు ఫోన్ తెరిచి ఫోటోలు చూపిస్తూ, "అక్కడ చూస్తే ఇంకా చాలా పెద్దగా ఉంది" అనడం అందరూ వినే ఉంటారు. ఈ శాఖకు ఉన్న అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఫోటోలోకి వచ్చేసరికి కొండ రెండింటిని పోగొట్టుకుంటుంది. మొదటిది పరిమాణం. రెండోది దూరం, అంటే చూసేవాడికీ శిఖరానికీ మధ్య పరుచుకున్న గాలి, మసక, వెలుగు. తీసే ముందు చేసే కూర్పు, తీశాక చేసే ఎడిటింగ్ ఈ రెండింటినీ కొండకు తిరిగి ఇవ్వడానికే ఉన్నాయి. అక్కడ లేనిదాన్ని తెచ్చి అతికించడం వేరే కళ. దానికి ఈ పేరు తగదు. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా హిమాలయాలవే. తెలుగువాళ్లకు దగ్గరగా ఉన్న తూర్పు కనుమల సంగతి వేరు కాబట్టి వాటి గురించి విడిగా ఉంది.

కొండ ఎందుకు చిన్నదైపోతుంది

ఈ ఫిర్యాదు కొత్తది కాదు. 1863లో ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ 1863, 1864, 1866 సంవత్సరాల్లో మూడుసార్లు హిమాలయాల్లోకి ఫోటో యాత్రలు చేశాడు. అది తడి కొలోడియన్ కాలం. గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరిపోయేలోపే ఫోటో తీసి, పక్కనే వేసిన చీకటి గుడారంలో డెవలప్ చేయాలి. పలకలు, సీసాలు, గుడారాలు మోయడానికి పదుల సంఖ్యలో కూలీలు కావాలి. 1866లో మణిరంగ్ కనుమ దగ్గర సుమారు 18,600 అడుగుల ఎత్తులో అతను తీసిన ఫోటోలు చాలా ఏళ్లపాటు ఎత్తు విషయంలో రికార్డుగా నిలిచాయి. అంతటివాడు కూడా, హిమాలయ దృశ్యం కెమెరా హద్దుల్లో ఇమిడేది కాదని, అది మరీ బ్రహ్మాండమని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీకి రాసిన వ్యాసాల్లో వాపోయాడు.

ఎందుకిలా అవుతుందో లెక్క వేసి చూడవచ్చు. కాంచన్‌జంగా ఎత్తు 8,586 మీటర్లు. డార్జిలింగ్ నుంచి అది 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. డార్జిలింగే 2,000 మీటర్ల ఎత్తున ఉంది, పైగా అంత దూరంలో భూమి గుండ్రదనం వల్ల కొన్ని వందల మీటర్లు కిందికి జారినట్టే. అవన్నీ తీసేస్తే, ప్రపంచంలో మూడో అతి ఎత్తయిన శిఖరం అక్కడ ఆకాశంలో ఆక్రమించే ఎత్తు 5 డిగ్రీల లోపే. ఇప్పుడు 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్ తీసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టుకుంటే ఆ లెన్స్ నిలువునా సుమారు 53 డిగ్రీలు చూస్తుంది. అంటే కాంచన్‌జంగా ఫ్రేమ్ ఎత్తులో పదో వంతు కూడా రాదు. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా చూపు ఇంచుమించు ఇదే. అదే 200 మిల్లీమీటర్ల లెన్స్ నిలువునా 7 డిగ్రీల లోపే చూస్తుంది కాబట్టి, ఫ్రేమ్‌లో మూడింట రెండు వంతులు కొండే ఉంటుంది.

మనిషి చూపు ఈ లెక్కకు లొంగదు. శిఖరం మీద ధ్యాస నిలిపినప్పుడు టీ కొట్లు, కరెంటు తీగలు, పక్కన నిలబడ్డవాళ్ల తలలు మెదడుకు అక్కరలేదు. వాటిని పక్కకు నెట్టి కొండను దగ్గరికి లాక్కుంటుంది. కెమెరాకు ఆ పక్షపాతం లేదు. మన మెదడు చేసిన ఎంపికను మనమే చేతులారా ఫ్రేమ్‌లో చేయాలి. కూర్పు అంటే ప్రధానంగా ఇదే.

కాబట్టి దూరపు శిఖరాలకు 70 నుంచి 200, వీలైతే 400 మిల్లీమీటర్ల దాకా ఉన్న లెన్సులే పనికొస్తాయి. కొండలంటే వైడ్ లెన్స్ అనే నమ్మకం బాగా పాతుకుపోయింది గానీ, కాళ్ల దగ్గర చెప్పుకోదగ్గ ముందుభాగం ఉన్నప్పుడే వైడ్‌కు పని. అలాంటిది లేకపోతే అది కొండను గీతలా మార్చేస్తుంది.

లెన్స్ మార్చినంత మాత్రాన పరిమాణం పూర్తిగా తిరిగి రాదు. ఖాళీ ఆకాశం ముందు ఒంటరిగా ఉన్న మంచు శిఖరం 8,000 మీటర్లదో 800 మీటర్లదో చూసేవాడికి తెలియదు. పక్కన తనకు తెలిసిన పరిమాణం ఒకటి ఉండాలి. ఇల్లు, దేవదారు చెట్టు, గొర్రెల మంద, దారిలో నడిచే మనిషి, ఏదైనా సరే. అయితే ఆ కొలమానం కెమెరాకు మరీ దగ్గరగా ఉండకూడదు. పది అడుగుల దూరంలో నిలబెట్టిన స్నేహితుడు వెనకున్న శిఖరం కన్నా పెద్దగా పడతాడు. స్పితి లోయలో కీ గోంపా ఇందుకు చక్కటి పాఠం. మఠం దగ్గరికి వెళ్లి వైడ్‌లో తీస్తే మఠం పెద్దది, వెనక కొండలు చిన్నవి. లోయ అవతల చాలా దూరం వెళ్లి టెలీ లెన్స్‌తో తీస్తే మఠం అగ్గిపెట్టెల గుట్టలా కిందికి ఒదిగిపోతుంది, వెనక బోడి కొండ గోడలా లేస్తుంది. మఠమూ కొండా ఎక్కడివక్కడే ఉన్నాయి, మారింది మనం నిలబడ్డ చోటు ఒక్కటే. టెలీ లెన్స్ దూరాలను కుదించేస్తుందని అంటారు గానీ, ఆ పని చేసేది నిజానికి మన దూరమే. లెన్స్ అందులోంచి ఒక ముక్కను కోసి ఇస్తుంది, అంతే.

నిలబడే చోటు

కొండ పాదం దగ్గర నిలబడి పైకి చూస్తే వాలు కుదించుకుపోయి శిఖరం మొద్దుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి చూస్తే చుట్టూ ఉన్నవన్నీ చదునైపోతాయి. శిఖరానికి దాని నిండు ఎత్తు దక్కేది ఎదురుగా ఉన్న గట్టు మీద, సగం ఎత్తున నిలబడి చూసినప్పుడు. సందక్‌ఫూ నుంచి తీసిన కాంచన్‌జంగా ఫోటోలు అంత బాగుండటానికి కారణం ఇదే. 3,636 మీటర్ల ఆ గట్టు మీద నుంచి చూస్తే కుంభకర్ణ శిఖరం తలగా, కాంచన్‌జంగా దేహంగా పడుకున్న బుద్ధుడి ఆకారం కనిపిస్తుందని స్థానికులు చెబుతారు. ఫోటోగ్రాఫర్‌కు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. ఆ ఆకారం పూర్తిగా ఫ్రేమ్‌లో పడాలి. పాదాల దగ్గర కోసేస్తే ఎన్ని శిఖరాలు పడినా బుద్ధుడు పోతాడు.

కొండను ఎలా చూడాలన్న ఆలోచన కెమెరా కన్నా చాలా పాతది. 11వ శతాబ్దపు చైనా చిత్రకారుడు కువో షీ కొండలకు మూడు రకాల దూరాలు చెప్పాడు: కింది నుంచి శిఖరానికి చూసే ఎత్తు దూరం, ముందు కొండల సందుల్లోంచి వెనక కొండల్లోకి చూసే లోతు దూరం, ఇక్కడి కొండ నుంచి అవతలి కొండలకు చూసే సమ దూరం. 1072లో అతను వేసిన తొలి వసంతం చిత్రంలో ఈ మూడూ ఒకే పటంలో కలిసి ఉన్నాయి. ఈనాటి ఫోటోగ్రాఫర్ ఫ్రేమ్ పెట్టే ముందు ఈ మూడింటిలో తనది ఏ చూపో తేల్చుకుంటే సగం పని అయినట్టే. ఎత్తు చూపుకు నిలువు ఫ్రేమ్ కావాలి. లోతు చూపుకు పొరలు కావాలి, అంటే నల్లటి దగ్గర గట్టు, దాని వెనక బూడిద రంగు గట్టు, ఆపైన లేత నీలం. సమ చూపుకు పనోరమా సరిపోతుంది.

పనోరమాను నిలువు ఫ్రేములతో, ఒక్కొక్కటీ పక్కదానితో మూడో వంతు కలిసేలా తీయాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో ఉంచకపోతే కలిపినప్పుడు ఆకాశంలో పట్టీలు తేలతాయి. ఇటలీవాడైన విట్టోరియో సెల్లా 1899లో డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ బృందంతో కాంచన్‌జంగా చుట్టూ తిరిగినప్పుడు, 1909లో అబ్రుజ్జీ ప్రభువుతో కే2 వెళ్లినప్పుడు పెద్ద కెమెరాలు మోసుకుంటూ తీసిన పనోరమాలు ఈనాటికీ కొలతకు నిలుస్తాయి. ఆల్ప్స్‌లో మొదలైనప్పటి నుంచి అతను 30×40 సెంటీమీటర్ల గాజు పలకలు కూడా వాడాడు. అమెరికా ఫోటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్ అతని పనిని ఎంతో గౌరవించేవాడు.

వెలుగు ఏ దిక్కు నుంచి

కొండకు ఆకారం ఇచ్చేది నీడ. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గండ్లు, గట్లు, మంచు అంచులు అన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. పొద్దున, సాయంత్రం వెలుగు పక్కవాటుగా పడినప్పుడు ప్రతి గండికీ ఒక అంచు తెల్లగా, ఒక అంచు నల్లగా తేలి కొండకు కండ పడుతుంది. పొద్దున్నే లేవండి అనే సలహా అందరూ ఇస్తారు గానీ, అది సగమే నిజం. కొండ ఏ దిక్కున ఉందో ముందు చూసుకోవాలి. డార్జిలింగ్ దగ్గర టైగర్ హిల్ నుంచి కాంచన్‌జంగా ఉత్తరాన, కాస్త పడమరకు ఉంటుంది. తూర్పున లేచిన సూర్యుడు దాని కుడి భుజాన్ని ఎర్రగా తాకుతాడు కాబట్టి అక్కడ తెల్లవారుజామే సరైన సమయం. కుమావూఁలోని మున్సియారీకి పంచచూలీ శిఖరాలు ఈశాన్యాన ఉన్నాయి. అక్కడ సూర్యుడు వాటి వెనక నుంచి లేస్తాడు, ఉదయం దొరికేది నల్లటి ఆకారమే. 6,904 మీటర్ల పంచచూలీ-2 ముఖం మీద కెంపు రంగు పడేది సాయంత్రం పూట. రాత్రంతా చలిలో కాచుకుని పొద్దున ఆ కొండ ముందు నిరాశపడేవాళ్లకు కావలసింది కొత్త కెమెరా కాదు, పటం, దిక్సూచి.

ఏ నెలలో వెళ్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. వానాకాలం గాలిని కడిగేస్తుంది కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో హిమాలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మైదానాల దుమ్ము, ఉత్తరాఖండ్ అడవుల్లో కార్చిచ్చు పొగ కలిసి దగ్గరి శిఖరాన్ని కూడా మింగేస్తాయి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు, ఎందుకంటే సెన్సర్‌కు అందింది పొగే.

మసకలో రెండు రకాలున్నాయి. వాటిని వేరుగా గుర్తుపట్టడం ఎడిటింగ్‌కు చాలా అవసరం. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. 400 నానోమీటర్ల ఊదా వెలుగు 700 నానోమీటర్ల ఎరుపు కన్నా సుమారు 9 రెట్లు ఎక్కువ చెదురుతుంది. అందుకే దూరపు గట్టు నీలంగా ఉంటుంది. ఈ నీలి మసక దూరానికి గుర్తు, ఉంచుకోవలసింది. దుమ్ము, పొగ, నీటి తుంపర లాంటి పెద్ద కణాలు అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొట్టి తెల్లటి మసక చేస్తాయి. తగ్గించవలసింది దీన్ని.

పోలరైజర్ ఫిల్టర్ సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశంలో బాగా పనిచేస్తుంది. వైడ్ లెన్స్‌కు బిగిస్తే ఆకాశంలో ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా అవుతుంది. 4,000 మీటర్లు దాటాక ఆకాశం సహజంగానే ముదురు నీలంగా ఉంటుంది, అక్కడ పోలరైజర్‌ను పూర్తిగా తిప్పితే పగటి ఆకాశం రాత్రిలా పడుతుంది. డిజిటల్ సెన్సర్లకు యూవీ వడపోత ముందే ఉంటుంది కాబట్టి, విడిగా కొనే యూవీ ఫిల్టర్ లెన్స్‌కు గీతలు పడకుండా కాపాడటం తప్ప మసకను పెద్దగా తగ్గించదు.

ఫ్రేమ్ లోపల

మూడో వంతు సూత్రం, దారి తీసే గీతలు అనే మాటలు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి, వాటిని ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టనక్కరలేదు. కొండల విషయంలో వాటికన్నా ఎక్కువగా ఫోటోను పాడుచేసేవి అంచుల దగ్గరి చిన్న తప్పులు. శిఖరం కొన ఫ్రేమ్ పై అంచును తాకుతూ ఉంటుంది. ముందున్న చెట్టు చివర సరిగ్గా శిఖరం కొన మీద పడి రెండూ ఒకటైపోతాయి. దగ్గరి గట్టు గీత, దూరపు గట్టు గీత ఒకదాన్నొకటి తాకి పొరలు కలిసిపోతాయి. వీటికి మందు రెండడుగులు పక్కకు జరగడమో, ఓ రాయెక్కి నిలబడటమో. గట్టుకూ గట్టుకూ మధ్య సన్నటి వెలుగు పట్టీ ఉంటే చాలు, మొత్తం ఫోటోకు లోతు వస్తుంది.

సరస్సులో ప్రతిబింబం దొరికినప్పుడు మూడో వంతు సూత్రాన్ని పక్కన పెట్టి నీటి అంచును నట్టనడుమ ఉంచినా తప్పులేదు. గఢ్వాల్‌లోని దేవరియాతాల్‌లో 7,138 మీటర్ల చౌఖంబా ప్రతిబింబం గాలి లేవని తెల్లవారుజామున పూర్తిగా పడుతుంది, ఎండ ముదిరి గాలి కదిలితే చెదిరిపోతుంది. ప్రతిబింబం అసలు దృశ్యం కన్నా కాస్త ముదురుగా ఉండటం ప్రకృతి ధర్మం. ఎడిటింగ్‌లో దాన్ని అసలు కొండ కన్నా తెల్లగా చేస్తే, కారణం చెప్పలేకపోయినా, చూసేవాళ్ల కన్ను నమ్మదు.

ముందుభాగంలో రాళ్లు, పూలు, మంత్రాల జెండాలు ఉంటే వాటి నుంచి శిఖరం దాకా అంతా స్పష్టంగా రావాలి. 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/11లో పెట్టి ఫుల్‌ఫ్రేమ్ మీద సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, 0.9 మీటరు నుంచి అనంతం దాకా సరిపడా స్పష్టత వస్తుంది. ఎఫ్/22 దాకా పోతే లోతు పెరుగుతుంది గానీ వివర్తనం వల్ల ఫోటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది. పువ్వు ఇంకా దగ్గరగా ఉంటే వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసిన రెండు మూడు ఫ్రేములను తర్వాత కలుపుకోవచ్చు.

మబ్బుల గురించి ఒక మాట. ఆకాశం శుభ్రంగా ఉంటేనే ఫోటో బాగుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ సగం మబ్బు కప్పిన శిఖరం పూర్తిగా కనిపించే శిఖరం కన్నా ఎత్తుగా అనిపిస్తుంది, మిగతాది చూసేవాడి ఊహ నింపుకుంటుంది. గాలివాన వెలిసే సమయం ఈ శాఖకు పండగ. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఆడమ్స్ తీసిన ఫోటోల్లో ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నవాటిలో ఒకటి వెలుస్తున్న శీతాకాలపు గాలివానదే.

మంచుకు ఎక్స్‌పోజర్

కెమెరా మీటర్ ఎదుట ఉన్నదంతా మధ్యస్థ బూడిద రంగని అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా మంచుంటే దాన్ని కూడా బూడిద చేసేస్తుంది. అందుకే మంచుకు మీటర్ చెప్పినదానికన్నా 1 నుంచి 2 స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో హిస్టోగ్రామ్ చెబుతుంది. గ్రాఫ్ కుడి గోడకు దగ్గరగా రావాలి, గోడకు ఆనకూడదు. ఆనితే అక్కడి మంచులో గీతలు, గరుకుదనం శాశ్వతంగా పోయినట్టే. నీడల్లో దాగినదాన్ని తర్వాత కొంత బయటికి లాగవచ్చు, కాలిపోయిన తెలుపులో ఏమీ మిగలదు.

రా ఫైల్‌లో తీయడం ఈ పనికి తప్పనిసరి. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు. మంచు మొత్తం పై మెట్ల మీదే ఉంటుంది కాబట్టి ఈ తేడా అక్కడే ముందు బయటపడుతుంది. ఎండలో శిఖరం, చీకట్లో లోయ ఉన్నప్పుడు ఒక్క ఎక్స్‌పోజర్ సరిపోకపోతే రెండు మూడు వేర్వేరుగా తీసి కలుపుతారు. ఫిల్మ్ రోజుల్లో ఈ పనికి పై సగం ముదురుగా, కింది సగం పారదర్శకంగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు వాడేవారు. పర్వతారోహకుడు, ఫోటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ పేరుతోనే అలాంటి ఫిల్టర్లు అమ్మకానికి వచ్చాయి.

ఎడిటింగ్: కడిగే పని, కట్టే పని

ఎడిటింగ్ అంటే డిజిటల్ కాలపు మోసం అనుకునేవాళ్లు చరిత్ర ఒకసారి చూడాలి. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ వాడి ఒకే ప్రింటు తీశాడు. ఆనాటి పలకలు నీలానికే ఎక్కువ స్పందించేవి, ఆకాశం ఎప్పుడూ తెల్ల కాగితంలా పడేది.

ఇక ఆడమ్స్. 1927 ఏప్రిల్ 10న యోసెమిటీలో హాఫ్ డోమ్ ఎదుట మొదట పసుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం తన మనసులో ఉన్నంత గంభీరంగా రాదని గ్రహించి, మిగిలిన ఒకే ఒక్క పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ వాడాడు. నల్లటి ఆకాశం ముందు రాతి ముఖం నిలిచిన ఆ ఫోటోతోనే, ప్రింటు ఎలా ఉండాలో షట్టర్ నొక్కకముందే ఊహించుకోవడం తన పద్ధతి అయిందని ఆయన చెప్పుకున్నాడు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీశాక, ఆ ఒక్క నెగటివ్‌ను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింటు చేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లగా చేస్తూ వచ్చాడు. డార్క్‌రూమ్‌లో చేత్తో వెలుగు ఆపి ఒక చోటును తేటగా ఉంచడం, మరో చోట ఎక్కువసేపు వెలుగు పడనిచ్చి ముదురు చేయడం ఆయన రోజువారీ పని. డాడ్జ్, బర్న్ అనే ఆ రెండు పనులే 1990లో వచ్చిన ఫోటోషాప్‌లోకీ, 2007లో వచ్చిన లైట్‌రూమ్‌లోకీ చేరాయి. డబ్బు పెట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో స్నాప్‌సీడ్ చాలు.

ఒక ఫోటో తీసుకుని వరసగా చూద్దాం. మున్సియారీ నుంచి సాయంత్రం తీసిన పంచచూలీ రా ఫైల్ అనుకోండి. పైన లేత నీలి ఆకాశం, నడుమ కెంపు మంచు, కింద నీడలో పడ్డ అడవి, అన్నిటి మీదా పల్చటి మసక. తెరవగానే ఫోటో చప్పగా ఉంటుంది, రా ఫైల్ స్వభావమే అది.

మొదటి పని ఫ్రేమ్‌ను నిటారుగా చేయడం. కొండల్లో దిగంతం కనిపించదు, గట్లన్నీ ఏదో వైపు వాలి ఉంటాయి. గట్టు గీతను ఆధారంగా తీసుకుంటే ఫోటో ఒరిగిపోతుంది. ఇంటి గోడ, నీటి అంచు, నిలువుగా పెరిగిన దేవదారు మొదలు చూసి సరిచేయాలి.

తర్వాత వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఆ కెంపును లోపం అనుకుని మంచును తెల్లగా చేసేస్తుంది. పగటి వెలుగుకు సరిపోయే 5,200 నుంచి 5,500 కెల్విన్ల దగ్గర ఉంచితే సాయంత్రం సాయంత్రంలాగే ఉంటుంది. నీడలో ఉన్న మంచు నీలంగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అక్కడ పడుతున్నది ఆకాశపు వెలుగే, నీలం దాని సొంత రంగు. ఆ నీలాన్ని పూర్తిగా తుడిచేస్తే కెంపు కూడా వెలవెలబోతుంది.

మూడోది వెలుగు పంపకం. హైలైట్లు కొంచెం తగ్గిస్తే మంచులో మడతలు తేలతాయి. నీడల స్లైడర్‌ను కుడివైపు చివరిదాకా లాగే అలవాటు వల్లే సోషల్ మీడియాలో కొండలన్నీ ఒకేలా ఉంటున్నాయి. సాయంత్రం అడవి చీకటిగానే ఉంటుంది. చెట్ల ఆకారం తెలిసేంత వరకు ఎత్తితే చాలు. కింద చీకటి ఉంటేనే పైన మంచు వెలుగుతుంది.

నాలుగోది మసక. లైట్‌రూమ్‌లో 2015 నుంచి డీహేజ్ అనే స్లైడర్ ఉంది. ఈ శాఖలో అన్నిటికన్నా ఎక్కువగా దుర్వినియోగమవుతున్నది ఇదేనని నా అభిప్రాయం. ఫోటో మొత్తానికి పట్టిస్తే దూరపు గట్టూ దగ్గరి గట్టూ ఒకే ముదురులోకి వచ్చేస్తాయి, 20 కిలోమీటర్ల గాలి మాయమై కొండలు అట్టముక్కల్లా ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. పరిమాణం కోసం కూర్పులో పడ్డ శ్రమంతా ఒక్క లాగుడుతో పోతుంది. మాస్క్ గీసి, ముఖ్యమైన శిఖరం ముఖానికి మాత్రమే, చాలా తక్కువ మోతాదులో వాడాలి. నడుమ గట్ల నీలాన్ని ముట్టుకోకూడదు. డీహేజ్ పెంచిన చోటల్లా సెన్సర్ మీది దుమ్ము చుక్కలు, ఆకాశపు గరుకు కూడా పైకి తేలతాయి కాబట్టి వాటిని 100 శాతం జూమ్‌లో వెతికి తుడవాలి.

ఐదోది ఆడమ్స్ చేతి పని. మెత్తటి బ్రష్‌తో ఎండ పడ్డ అంచులను కాస్త తేట చేయడం, గండ్లను కాస్త ముదురు చేయడం. నియమం ఒక్కటే: సూర్యుడు ఎటు ఉన్నాడో అటు వైపే తేట పెరగాలి. పంచచూలీ మీద వెలుగు పడమటి నుంచి వస్తున్నప్పుడు తూర్పు వాలును తేట చేస్తే ఆ కొండకు రెండు సూర్యుళ్లు ఉన్నట్టవుతుంది. తెలుపు, నలుపు మెట్లను బట్టి తమంతట తామే ఎంచుకునే లూమినాసిటీ మాస్కులు ఇక్కడ ఎంతో సాయం చేస్తాయి. అమెరికా ఫోటోగ్రాఫర్ టోనీ కైపర్ వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు.

రంగుల్లో శాచురేషన్ మొత్తంగా పెంచడం కన్నా, ఒక్కో రంగును విడిగా చూడటం మేలు. ఆకాశపు నీలానికి ముదురుదనం కొద్దిగా పెంచితే చాలు. చివరగా షార్పెనింగ్. మంచుకూ ఆకాశానికీ మధ్య గీత వెంబడి తెల్లటి అంచు కనిపిస్తే మోతాదు మించినట్టు. షార్పెనింగ్‌ను రాళ్లకు, మంచు మడతలకు పరిమితం చేసి, ఆకాశాన్ని మినహాయించాలి. పూర్తయ్యాక ఫైల్‌ను మూసేసి మర్నాడు చూడటం మంచిది. కన్ను కొద్దిసేపట్లోనే అతికి అలవాటు పడుతుంది, రాత్రి పొదుపుగా అనిపించిన రంగు పొద్దున కేకలు పెడుతుంది. ప్రింటు వేయించేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. స్క్రీన్ వెనక నుంచి వెలిగే బొమ్మ కన్నా కాగితం మీది బొమ్మ ముదురుగా వస్తుంది కాబట్టి, పెద్ద ప్రింటుకు ముందు చిన్నది ఒకటి వేయించి చూసుకోవాలి.

తూర్పు కనుమల్లో

మన కొండలకు మంచు టోపీలు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యంత ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. హిమాలయ సూత్రాలను ఇక్కడ యథాతథంగా వాడితే ఫలితం పేలవంగా ఉంటుంది. ఇక్కడి సంపద పొగమంచు, పచ్చదనం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి, అరకు లోయల్లో నవంబరు నుంచి జనవరి దాకా తేటగా ఉన్న రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని తాకిన బరువైన చల్లగాలి లోయల్లోకి జారి పొగమంచుగా నిలుస్తుంది. తెల్లవారేసరికి గట్ల తలలు దీవుల్లా తేలుతాయి. ఎండ ముదిరితే మంచు లేచి చెదిరిపోతుంది. పని చేసే వ్యవధి చాలా కొద్ది, కాబట్టి చోటు ముందురోజే చూసిపెట్టుకోవాలి.

ఇక్కడ కూడా మీటర్ పొగమంచును బూడిద చేస్తుంది కాబట్టి అరస్టాపు నుంచి ఒక స్టాపు దాకా ఎక్కువ ఇవ్వాలి. టెలీ లెన్స్‌తో మూడు నాలుగు గట్లను ఎంచుకుని పొరలుగా పేర్చితే చిన్న కొండలైనా గంభీరంగా కనిపిస్తాయి. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచాలనే తొందర ఇక్కడ మరీ ప్రమాదం, ఆ మెత్తదనమే ఫోటో. పచ్చదనంతో మరో చిక్కు ఉంది. కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు ఎండలో రేడియం పచ్చగా పడతాయి. అప్పుడు తగ్గించవలసింది పచ్చను కాదు, పసుపును. ఆకుల పచ్చలో ఎక్కువ పాలు పసుపుదే. అయితే అరకులో వలిసె పూలు పూసే రోజుల్లో ఆ చేలే ముందుభాగమవుతాయి, అప్పుడు పసుపును ముట్టుకోకుండా చెట్లకు మాత్రం మాస్క్ వేసుకోవాలి.

ఎంతవరకు

ఎడిటింగ్ హద్దు ఎక్కడన్నది పాత వివాదమే. ఆడమ్స్ 1944లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ దగ్గర శీతాకాలపు సూర్యోదయం తీసినప్పుడు, వెనక కొండ మీద ఊరి బడి పిల్లలు తెల్ల సున్నంతో రాసిన పెద్ద అక్షరాలు పడ్డాయి. ఆయన వాటిని నెగటివ్ మీదే చెరిపేశాడు, ఆ సంగతి తానే పుస్తకంలో రాశాడు. దాన్ని తప్పుపట్టినవాళ్లు అప్పుడూ ఉన్నారు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ తన ముఖచిత్రం నిలువుగా ఇమడటానికి గిజా పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరికి జరిపి పెద్ద దుమారంలో పడింది. 2020లో ఫోటోషాప్‌లోకి ఆకాశాన్నే మార్చేసే సౌకర్యం వచ్చింది. ఇప్పుడు ఒక్క మాట టైపు చేస్తే లేని శిఖరమే మొలుస్తుంది. ఈ పరిస్థితిలో చాలా పోటీలు అసలు రా ఫైల్ చూపించమంటున్నాయి, అది సబబే.

తేట, ముదురు, రంగు, కత్తిరింపు, దుమ్ము చుక్కల తుడుపు కొండను కొండగానే ఉంచుతాయి. ఆకాశం మార్చడం, శిఖరాన్ని సాగదీయడం, లేని చంద్రుణ్ని పెట్టడం దాన్ని బొమ్మగా మారుస్తాయి. బొమ్మ గీయడం నేరం కాదు, కానీ దాని కింద కాంచన్‌జంగా అని రాయకూడదు.

దీనికి అందం కన్నా బరువైన కారణం ఒకటుంది. 1921లో ఎవరెస్ట్ పర్యటనలో జార్జి మాలరీ తీసిన రోంగ్‌బుక్ హిమానీనదం ఫోటోను, అదే చోట నిలబడి 2007లో డేవిడ్ బ్రషియర్స్ మళ్లీ తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే మంచు ఎన్ని వందల అడుగులు కుంగిపోయిందో కంటికే కనిపిస్తుంది. సెల్లా ఫోటోలను కూడా ఇలాగే వాడారు. మాలరీ కొండను అందంగా సాగదీసి ఉంటే ఆ పోలిక సాధ్యమయ్యేది కాదు. గంగోత్రి మొదలుకుని ఎన్నో హిమానీనదాలు వెనక్కి తగ్గుతున్న ఈ కాలంలో, యాత్రకు వెళ్లిన ప్రతివారి కెమెరాలోనూ అలాంటి సాక్ష్యం ఉంటుంది. కాబట్టి ఎడిట్ చేసిన ఫోటోను గోడకు తగిలించండి, నలుగురికీ చూపించండి. ఎడిట్ చేయని రా ఫైల్‌ను మాత్రం చెరిపేయకుండా దాచండి. నిలబడ్డ చోటు, చూసిన దిక్కు, తేదీ దాంతోపాటు రాసిపెట్టండి.